నలుసు

చీకటి గదిలో మేమిద్దరం.
ఆయన గడ్డం ఇనుప ఆనిక మీద,
నా వేళ్ళు కటకాల చక్రం మీద.
"ఇప్పుడు స్పష్టంగా ఉందా, ఇందాకా?"
రోజుకి రెండువందల సార్లు అనే మాట.
నిద్రలో కూడా అంటానని మా ఆయన ఫిర్యాదు.

హెర్ బ్రూజెహాబర్ దానికి జవాబు చెప్పడు.
"నీ జర్మన్ భలే బాగుందమ్మాయ్," అంటాడు.
పుదీనా బిళ్ళ వాసన.
మంచి మనిషే. నిరుడు చలికాలం
మా షాపు మెట్ల మీద మంచుకి
ఎవరూ అడక్కుండానే ఉప్పు చల్లి వెళ్ళాడు.

"ఎక్కణ్ణించి వచ్చావు?"
"రోస్టాక్."
"అది సరేలే, అసలు ఎక్కణ్ణించి?"
"రోస్టాకే. పెద్దాసుపత్రి, మూడో అంతస్తు."
ఆయన నవ్వుతాడు. నేనూ నవ్వుతాను,
గొంతులో పచ్చి వెలక్కాయతో.

నా జవాబులన్నీ ఆలస్యంగా వస్తాయి.
ట్రామ్ దిగాక ఒకటి,
అంట్లు తోముతుంటే ఇంకొకటి,
అన్నిటికన్నా పదునైనది తెల్లవారుజామున మూడింటికి.
అప్పుడు వినడానికి
గోడ గడియారం తప్ప ఎవరుంటారు?

నేను పుట్టిన రోజు కురిసిన మంచుని
అమ్మ నాకు పేరుగా పెట్టింది: ట్యుయెట్.
ఒక్క ఊపిరిలో అయిపోయే పేరు.
బ్రూజెహాబర్‌ని నేను తడబడకుండా పలుకుతాను.
నా మంచు మీద మాత్రం
ఊరందరి నాలుకలూ కాలుజారతాయి.

అమ్మకి పూలకొట్టు ఉండేది.
ఎవరేమన్నా
గుత్తిలో ఒక పువ్వు ఎక్కువ వేసి కట్టేది.
"నువ్వు కడుపులో ఉండగా
మనుండే మేడ మీద రాళ్ళు పడ్డ రాత్రి చూశాను.
ఇవి ఉత్త మాటలే కదే," అంటుంది.
నలుసు కూడా రాయేనమ్మా.
చిన్నది, అంతే.
కళ్ళతో పనిచేసేదాన్ని, నన్నడుగు.

"ఆయన ఉద్దేశం అది కాదులే,"
అంటుంది పక్క కౌంటర్లో విబ్కె.
నిజమే కావచ్చు.
తొక్కినవాడి ఉద్దేశం
కాలివేలికి ఎవరు చెప్పాలి?

ఇవాళ ఎందుకో
మూడింటి జవాబు పన్నెండింటికే వచ్చింది.
అంత పదునుగా కాదు.
కటకం మార్చబోయి ఆగి, మెల్లగా అడిగాను:
"ఈ ప్రశ్న విబ్కెని ఎప్పుడైనా అడిగారా?"

యంత్రం లోపలి చిన్న ఫ్యాను తిరుగుతోంది.
ఆయన గడ్డం ఆనిక మీంచి లేచింది.
"లేదు," అన్నాడు.
ఎందుకని, అని నేననలేదు.
ఎదురుగా గోడ మీద ఐదో వరుస
అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి.
"ఇప్పుడు స్పష్టంగా ఉందా, ఇందాకా?"
"తెలియడం లేదు," అన్నాడాయన, చాలాసేపటికి,
"మళ్ళీ చూపించు."

చూపించాను.
వెళ్తూ పుదీనా బిళ్ళ ఇవ్వలేదు.
కళ్ళద్దాలు గురువారానికి తయారు.
వస్తాడో, మనవణ్ణి పంపుతాడో.

గెలిచినట్టుండాలి కదా.
వెనక గదిలో కొత్త కుర్రాడు ఫ్రేములు తుడుస్తున్నాడు.
ఎరిట్రియా వాళ్ళబ్బాయి.
జూన్‌లో చేరిన మొదటి రోజు
నేనే అన్నాను:
"హబ్తెమరియమా? అమ్మో, నాలుక తిరగదు గానీ
హబీ అంటాలే!"
అతను నవ్వాడు.
ఆ నవ్వు నాకు కొత్త కాదు.
రోజూ పొద్దున్నే కోటుతోపాటు తొడుక్కునేదే.

నాలుక తిరగదన్నది అబద్ధం.
తిప్పలేదు.

గుమ్మంలో నిలబడి అడిగాను,
"నీ పేరు ఇంకోసారి చెప్పు, పూర్తిగా."
తుడిచే గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది.
చెప్పాడు.
నేనూ అన్నాను.

మొదటిసారికే వచ్చేసింది.
అదే సిగ్గుగా ఉంది.